మా పేట పేర్లు, మా పేట పోగులు

కోనసీమ అనగానే అందరికీ కొబ్బరాకు గుర్తొస్తుంది. పంటకాలవ, పచ్చటి చేలు, అండీ అనే మర్యాద, పనసపొట్టు కూర. సినిమావాళ్ళు కూడా ఆ కాలవగట్టు మీదే కెమెరా పెడతారు. దాన్ని ఇంకో రెండు ఫర్లాంగులు పల్లానికి తిప్పితే మా పేట కనపడుద్ది. తిప్పరు. అందుకే ఈ సీమ చరిత్రని మేం రాజుల దగ్గర్నుంచి కాదు, కొట్టుకెళ్ళిన దారి దగ్గర్నుంచి, అన్నం గిన్నె దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ముందు పేర్లు చూడండి. కోన అంటే మూల. గోదారి పాయలకీ సముద్రానికీ మధ్యనున్న మూల. గోదారి మేట వేసిన నేల లంక. అందుకే ఎదుర్లంక, బెండమూర్లంక, లంకల గన్నవరం. పడవ ఆగేచోటు రేవు. అందుకే ఓడలరేవు. ఇవి నీళ్ళు పెట్టిన పేర్లు, వీటితో మాకు పేచీ లేదు. అగ్రహారం అనే పేరు అలాంటిది కాదు. బ్రాహ్మణులకి దానమిచ్చిన ఊరని పేరే చెబుద్ది. ఇచ్చిన రాజు శాసనంలో ఉంటాడు, పుచ్చుకున్నవాళ్ళ గోత్రాలుంటాయి. దున్నినవాడు ఉండడు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు. కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు, కాలవలు తవ్వినవాళ్ళ పేర్లు నేను చూసిన ఏ లాకు మీదా లేవు.

మా ఊళ్ళోనూ అంతే. కరణంగారి చెరువు, మునసబుగారి దొడ్డి, రాజుగారి తోట. మేమున్న చోటు మాత్రం ఉత్త పేట. కాయితాల్లో హరిజనవాడ అన్నారు, తర్వాత దళితవాడ అన్నారు. మావాళ్ళే చందాలేసుకుని బోర్డు పెట్టి అంబేద్కర్ కాలనీ అనుకున్నారు. కిరసనాయిలుకి పంపేటప్పుడు మా మామ్మ, "ఒరే అబ్బాయ్, ఊళ్ళోకి పోయిరా" అనేది. పంచాయతీ ఒకటే, ఓటు ఒకటే, ఇంటిపన్ను ఒకటే. అయినా పుట్టిన ఊళ్ళోకి మేం పోయి రావాలి. 'ఊళ్ళో' అన్నమాటకి ఒక్క 'కి' చేరిస్తే అందులో అంటరానితనం మొత్తం పట్టింది. పిల్లలకి విభక్తులు చెప్పే మాస్టర్నయ్యాక ఆ సంగతి నాకు బోధపడింది. కొట్లో చిల్లర బల్ల మీద పెట్టమనేవాడు. సరుకు చెయ్యి తగలకుండా పైనుంచి జారవిడిచేవాడు. ఇది ఏ కాటన్ కాలం నాటి మాటో కాదు, 1990ల చివర మాట.

మా తాత కామందు దగ్గర పాలేరు. నాన్న కొబ్బరి దింపు. అమ్మ ఊడ్పులకీ కోతలకీ పోయేది. నాన్న చెట్టెక్కి దింపిన కాయ మా పచ్చట్లోకి రావాలంటే మళ్ళీ కొనుక్కోవాలి. ఊరికే ఇంటికొచ్చేవి మట్టలు, డొక్కలు, ఈనెలు. పొద్దున్నే తరవాణి అన్నం, ఉల్లిపాయ. రాత్రికి మెత్తళ్ళో, రొయ్యపొట్టో, గట్టుమీది బచ్చలో. మాకు లేనిరోజు పక్కింట్లో ఉండేది. గిన్నె పట్టుకెళ్తే ఎందుకొచ్చావని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. కూరొచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగియ్యడం మా మామ్మకి తెలీదు. రెండు పచ్చిమిరపకాయలైనా వేసి పంపేది.

ఆదివారం పెద్దకూర. చింతచెట్టు కింద తాటాకులు పరిచి పోగులేసేవాళ్ళు. కండ, ఎముక, కొవ్వు, పేగు అన్నీ ప్రతి పోగులోనూ పడాలి. పోగులేసినవాడు తన పోగు ఆఖర్న తీసుకోవాలి. అంతకంటే మంచి రాజ్యాంగం మా పేటకి అక్కర్లేకపోయింది. డబ్బుల్లేనివాడి పోగు కోతల్దాకా బాకీ ఉండేది. దిక్కులేని ముసలమ్మ పోగు మాత్రం ఆగేది కాదు. అది దానం కాదు, వాటా. దానం చేసినవాడి పేరు నిలుస్తుంది. వాటా పంచినవాడి పేరు ఎవరూ రాసుకోరు.

మాలోనూ అంతా సమానం కాదు, అదీ రాయాలి. మాలపేటకీ మాదిగపేటకీ మధ్య ఆ గిన్నె అంత తేలిగ్గా దాటేది కాదు. ఆ కూర వండిన ఆడవాళ్ళకి మిగిలేది పులుసే.

1996 నవంబరు 6 తుపాను నాటికి నాకు ఆరేళ్ళు. తెల్లారేసరికి కొబ్బరితోటలు నేలమీద పడుకున్నాయి. ఆ తుపానులో వెయ్యిమందికి పైగా పోయారు. బడి గదుల్లో తలదాచుకున్నాం. ఊరివాళ్ళూ అక్కడే, మేమూ అక్కడే. రెండ్రోజులు పడిపోయిన కొబ్బరికాయలే అన్నం, అవే నీళ్ళు. కామందు పిల్లలూ అవే తిన్నారు, మేమూ అవే తిన్నాం. మూడోరోజు కాయలు లెక్కపెట్టడానికి మనిషొచ్చాడు.

ఆ రోజుల్లో బడికెళ్తే నెలకి మూడు కిలోల బియ్యమిచ్చేవాళ్ళు. 2003లో బళ్ళో వండిపెట్టడం మొదలైంది. అప్పటికి నేను హైస్కూల్లో పడ్డాను, అక్కడికది ఇంకా రాలేదు. ఇప్పుడు నా ఎదురుగానే పిల్లలు వరసగా కూచుని తింటారు. 2024లో ఆ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో, 1909లో కన్నుమూసేదాకా, ఆకలన్నవాళ్ళకి అన్నం పెట్టిన తల్లి. ఆ పేరు న్యాయమే. కానీ బళ్ళో వండే మనిషిది ఏ పేట అని ఆరాతీసే తల్లిదండ్రుల్ని ఇప్పటికీ చూస్తున్నాను. పెట్టే చెయ్యి మాదైనప్పుడు అన్నానికి కులమొస్తుంది.

పేరు విలువ ఎంతో 2022లో కళ్ళారా చూశాం. ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయ్యింది. మే నెలలో దానికి అంబేద్కర్ పేరు చేరుస్తామన్నారు. మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. ఆ మంత్రి దళితుడే. పొడుగు పేరు ఎందుకు మాస్టారూ అని నన్నడిగినవాళ్ళున్నారు. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని 2008 నుంచి రాస్తున్నాం. అల్లూరి సీతారామరాజు జిల్లా అనీ రాస్తున్నాం. ఆ పేర్లు పలకడానికి ఎవరికీ నోరు నొప్పెట్టలేదు. బోయి భీమన్న పుట్టిన మామిడికుదురు ఈ సీమలోదే. ఆయన 'పాలేరు' నాటకం చూసి పాలేళ్ళు పిల్లల్ని బడికంపారని మా పెద్దలు చెప్పుకుంటారు. చదువుకున్న దళితుడి పేరు జిల్లాకి పెట్టాలంటే మాత్రం ఇంత మంట. ఆ ఏడాదే పేరు ఖాయమైంది. మా పిల్లలిప్పుడు పుస్తకం అట్ట మీద డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని గీత దాటకుండా పూర్తిగా రాస్తారు. రాయిస్తాను.

పెద్దపేరు వచ్చింది. చిన్నపేర్లు ఇంకా మిగిలున్నాయి. అందుకని మామ్మల్నీ తాతల్నీ అడిగి పేటలో పేర్లు రాసుకురమ్మని పిల్లలకి చెబుతున్నాను. నత్తల బోదె, గంజిరేవు, కూలోళ్ళ గట్టు, పోగుల చింత. ఏ మ్యాపులోనూ ఇవి లేవు. పోగుల చింత రోడ్డు వెడల్పులో పోయింది, అయినా బస్సు దిగేవాళ్ళు ఆ పేరే చెబుతారు. మీ పేటల్లోనూ ఇలాంటివుంటాయి. తెలిసినవాళ్ళు బతికుండగానే రాసుకోండి.