తుపాకీ దించినోళ్ల చరిత్ర

ముసల్మాన్ అనే మాటా, తుపాకీ అనే మాటా ఒకే వాక్యంలో పడితే చాలు, చదివేవాడి కళ్లముందు ఒక బొమ్మ తయారైపోతుంది. ఆ బొమ్మను సినిమాలు గీశాయి, పత్రికలు రంగులద్దాయి, పాఠ్యపుస్తకాలు పటం కట్టాయి. మేం ఆయుధం పట్టిన కథలు అందరికీ తెలుసు. ఆయుధం దించిన కథలు మాత్రం చాలామందికి తెలియవు. ఎవరు దించమన్నారు? ఎవరికి అప్పజెప్పాం? బదులుగా మా చేతికి ఏమొచ్చింది? మా అస్తిత్వం గురించి మాట్లాడేటప్పుడు ఈ మూడు ప్రశ్నల్నీ దాటేసి పోలేం.

హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ ఉంది. మా వాళ్లు 'తోప్ కా సాంచా' అంటారు. రెండో నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో అక్కడ ఫిరంగులు పోయించాడు. మూడేళ్లకే, 1798 సెప్టెంబరులో, నిజాం ఇంగ్లీషువాళ్లతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. అక్టోబరులో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పది వేలకు పైగా సిపాయిల చేత ఆయుధాలు కింద పెట్టించారు. సంతకం పైవాళ్లది, తుపాకీ దించింది జీతం రాళ్ల కోసం చేరిన సిపాయి. ఆ వరసలో ముసల్మానులూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు.

1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్‌ను తర్వాత చంపేసి శవాన్ని వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు. ఆ ఏడాది పుట్టిన భయంలోంచే బ్రిటిష్ ఇండియాలో 1878 ఆయుధాల చట్టం వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు దాని కిందికే వచ్చాయి. దేశీయుడికి తుపాకీ ఉండాలంటే లైసెన్సు కావాలి, తెల్లవాడికి అక్కర్లేదు. దేశం మొత్తాన్నీ అనుమానితుల జాబితాలో పెట్టిన చట్టం అది. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ దాన్ని సవరించమని తీర్మానం చేసింది. ఆ సభకు అధ్యక్షుడు బద్రుద్దీన్ త్యాబ్జీ. అనుమానం అవమానమేనన్న సంగతి ఆనాడు అందరికీ ఒక్కటిగానే అర్థమైంది.

ఇక తెలంగాణకొద్దాం. ఇక్కడ తుపాకీ ఎవరిది? గడీది. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కొట్లాడి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ ముసల్మానే. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చింది దొర మనుషులే. ఆ తర్వాత రజాకార్లు వచ్చారు, ఊళ్లు తగలబెట్టారు, మనుషుల్ని చంపారు. దాన్ని మేం దాచం, సమర్థించం. రజాకార్లను రాతలో ఎదిరించిన ఉర్దూ దినపత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో చంపారు. రజాకారు ముసల్మానే, రజాకారు చేతిలో చచ్చిన షోయబ్ కూడా ముసల్మానే. మా పేరు చెప్పగానే మొదటివాణ్ణి గుర్తు చేసుకునేవాళ్లకు రెండోవాడు ఎందుకు గుర్తుకు రాడు?

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలో అడుగుపెట్టింది. అయిదు రోజుల్లో అంతా ముగిసింది. నిజాం సేనాని ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ చౌదురికి లొంగిపోయాడు. సైన్యం సైన్యానికి ఆయుధం అప్పజెప్పడం ఒక పద్ధతి ప్రకారం జరిగిపోయింది. ఊళ్లలో మాత్రం ఏ పద్ధతీ లేదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం ఆ నవంబరు, డిసెంబరు నెలల్లో జిల్లాలు తిరిగింది. చనిపోయినవాళ్లు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని లెక్క కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో నష్టం ఎక్కువ. సైనికులు చాలాచోట్ల ముసల్మానుల్ని కాపాడారనీ, కొన్నిచోట్ల వాళ్లే చంపారనీ ఆ నివేదిక చెప్పింది. ఇంకో సంగతి కూడా చెప్పింది: ముసల్మానుల దగ్గరి ఆయుధాలు తీసేసుకున్నారు, హిందువుల దగ్గరివి చాలాచోట్ల వదిలేశారు. ఆ తర్వాత మూకలు వచ్చాయి. ఆ నివేదికను దశాబ్దాల తరబడి వెలుగు చూడనివ్వలేదు.

ఆయుధం తీసుకోవడం తప్పని మేం అనడం లేదు. ఒక చేతిలోంచి తీసుకుని ఇంకో చేతిలో ఉంచడం తప్పు. తీసుకున్నవాడు రక్షణకు పూచీ పడకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. తాత తుపాకీని రాత్రికి రాత్రి బావిలో పడేశారనే మాట మా ఇళ్లల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఇచ్చినా భయమే, ఉంచుకున్నా భయమే అయినప్పుడు బావి తప్ప దిక్కేముంది?

1878 చట్టాన్ని తీసేసి స్వతంత్ర భారతం 1959లో కొత్త ఆయుధాల చట్టం చేసింది. అందులో 21వ సెక్షన్‌ను ప్రతి ఇంట్లో చదవాలి. లైసెన్సుదారు చనిపోయినా, లైసెన్సు రద్దయినా, తుపాకీనీ తూటాలనూ ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయాలి. జమ చేసినంత మాత్రాన హక్కు పోదు. గడువులోపల వారసుడు దాన్ని అర్హుడైనవాడికి అమ్ముకోవచ్చు, తాను లైసెన్సు తెచ్చుకుని తిరిగి తీసుకోవచ్చు. గడువు దాటితే జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో సర్కారు పరమవుతుంది. లైసెన్సుదారు తానే అమ్ముకోదలిస్తే కొనేవాడి పేరు, చిరునామా జిల్లా మేజిస్ట్రేట్‌కో పోలీసులకో రాసిచ్చి 45 రోజులు ఆగాలి. బాగు చేసినా పేలని పాత తుపాకీకి 45వ సెక్షన్ మినహాయింపునిచ్చింది. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ తన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, బతికుండగానే వారసుడి పేరు మీదికి లైసెన్సు అడగవచ్చు. 2019 సవరణ ఒక మనిషి దగ్గర ఉండదగ్గ తుపాకుల్ని మూడు నుంచి రెండుకు తగ్గించింది. మిగిలినది 2020 డిసెంబరులోపు జమ చేయమంది.

కాగితం మీద ఇది అందరికీ ఒక్కటే. రెడ్డిగారి కొడుకు తాత తుపాకీ పట్టుకుని ఠాణాకు పోతే కుర్చీ వేస్తారు. ఖాన్ సాబ్ కొడుకు అదే తుపాకీ పట్టుకుని పోతే ఎక్కడిదని అడుగుతారు. ఆ ప్రశ్నకు భయపడి ఇనప్పెట్టె అడుగున తుప్పు పట్టనిచ్చే తుపాకీయే రేపు సోదాల్లో దొరికి కేసు అవుతుంది. అందుకే మా వాళ్లకు మేం చెప్పేది ఇదే: దాచొద్దు, బావిలో వేయొద్దు. ముందు వకీలుతో దరఖాస్తు రాయించండి, పాత లైసెన్సు కాగితం, మరణ ధ్రువపత్రం జత చేయండి, ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని పొండి, జమ చేసి రసీదు అడిగి తీసుకోండి.

లౌకికవాదులైన మిత్రులకు చెప్పేది వేరు. ఆ ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకరు మీరు కండి. 1948లో మా ఊళ్లకు అలాంటి తోడు అన్నిచోట్లా దొరకలేదు.