ఫ్లాపీలో వచ్చిన కోట

తుపాకీ పట్టుకుని ఆడే కంప్యూటర్ ఆటల గురించి ఎవరు రాసినా అవి మగపిల్లల కబుర్లే. ఇంటర్నెట్ సెంటర్, చుట్టూ నలుగురు స్నేహితులు, అర్ధరాత్రి దాకా అరుపులు. అంతకుముందు ఇంకో కాలం ఉంది. అప్పుడు ఈ ఆటలు ఇంట్లోనే ఉండేవి, అందుకే నాలాంటి ఆడపిల్లలకి కూడా అందాయి. ఆ కాలం గురించి ఎవరూ చెప్పడం లేదని ఇవాళ నేను కూర్చున్నాను.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఈ ఆటల్లో మనం నడిపే మనిషి తెర మీద కనపడడు. కింద వాడి చేతిలోని తుపాకీ ఒక్కటే కనిపిస్తుంది. వాడి కళ్ళతో మనం చూస్తామన్నమాట. 1970లలోనే మేజ్ వార్ అనే ఆట ఇలా ఉండేది కానీ, దీన్ని ఇంటింటికీ చేర్చింది ఐడీ సాఫ్ట్‌వేర్ అనే చిన్న అమెరికన్ కంపెనీ. జాన్ కార్మాక్, జాన్ రొమేరో, టామ్ హాల్, ఏడ్రియన్ కార్మాక్ అనే నలుగురు కుర్రాళ్ళు 1991లో పెట్టారు. (ఇద్దరు కార్మాక్‌లూ అన్నదమ్ములు కారు, ఇంటిపేరు కలిసిందంతే.)

1992 మే 5న వాళ్ళ వుల్ఫెన్‌స్టీన్ 3డీ వచ్చింది. నాజీల కోటలో బందీ అయిన సైనికుడు తప్పించుకుని బయటపడాలి, అదీ కథ. అమ్మే పద్ధతే వింతగా ఉండేది. మొదటి భాగం ఉచితం. కాపీ చేసుకోండి, స్నేహితులకి పంచండి అని వాళ్ళే చెప్పేవారు. నచ్చితే మిగతా భాగాలకి డబ్బు పంపాలి. మిఠాయి కొట్టువాడు మైసూర్‌పాక్ ముక్క చేతిలో పెట్టి అరకిలో కట్టించడం లాంటిదే. మేమేమో ఆ ముక్కతోనే కడుపు నింపుకున్నాం. గుంటూరు నుంచి టెక్సస్‌కి డాలర్లు పంపేదెవరు?

మా ఇంటికి కంప్యూటర్ 1995లో వచ్చింది. నాన్నగారు చీటీ పాడి, అన్నయ్యని వెంటబెట్టుకుని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెచ్చారు. అన్నయ్య చదువు కోసమని కొన్నారు. నెల తిరక్కుండా వాడి స్నేహితుడి జేబులో ఫ్లాపీగా ఆ కోట కూడా వచ్చేసింది. అన్నయ్య కాలేజీకి వెళ్ళాక మధ్యాహ్నమంతా కంప్యూటర్ నాదే. దుమ్ము పడకుండా అమ్మ కుట్టిన పూల గుడ్డ తీసి, నల్ల తెర మీద ఆట పేరు టైపు చేసి ఎంటర్ కొడితే చాలు.

మొదటి వారం కడుపులో తిప్పేది. గోడలు అంత వేగంగా పరిగెత్తేవి. ఆ నత్తనడక కంప్యూటర్లలో అంత వేగం ఎలా వచ్చిందో ఎంతో కాలానికి అర్థమైంది. కార్మాక్ తెరని సన్నటి నిలువు చీలికలుగా కోశాడు. ఒక్కో చీలిక దగ్గర నుంచి చూపు వేస్తే గోడ ఎంత దూరంలో తగులుతుందో లెక్క కట్టి, దగ్గరైతే పొడుగు గీత, దూరమైతే పొట్టి గీత గీయించాడు. లెక్క సులువు కావాలని గోడలన్నీ ఒకే ఎత్తు, మూలలన్నీ సరిగ్గా మట్టం పెట్టినట్టు. నేలకీ పైకప్పుకీ ఒట్టి రంగులే. ఉన్న బియ్యంతోనే పదిమందికి వడ్డించే ఇల్లాలి నేర్పు అది. ఆ పనితనం నాకు తుపాకుల కంటే బాగా నచ్చుతుంది.

వెనక మంచం మీద నానమ్మ జపమాల తిప్పుకుంటూ చూసేది. సైనికుల్ని కాలిస్తే ఏమీ అనేది కాదు. కుక్క మీదికి వస్తే మాత్రం, "అయ్యో, నోరులేనిదాన్ని కాలుస్తావుటే" అని గొడవ చేసేది. నేల మీది పళ్ళెంలో కోడి మాంసం తింటే మనవాడికి బలం వస్తుందని చెబితే రెండు రోజులు నా వంక చూడలేదు.

తర్వాత డూమ్. 1993 డిసెంబర్ 10న దాన్ని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం సర్వర్‌లో పెట్టబోతే, ఎదురుచూస్తున్న జనం తాకిడికి అదే కుప్పకూలింది. మా ఇంటికి అది 1996 వేసవిలో చేరింది. ఇందులో మెట్లున్నాయి, ఎత్తుపల్లాలున్నాయి, దీపం ఆరుతూ వెలుగుతూ ఉండే గదులున్నాయి. ఉచిత భాగంలో తొమ్మిది లెవెల్స్, అందులో ఒకటి రహస్యం. మా కంప్యూటర్‌లో సౌండ్ కార్డు లేదు. కీచుమనే చిన్న స్పీకర్‌లో తుపాకీ చప్పుడు వినిపించేది కానీ సంగీతం రాదు. ఆ ఆటకి బాబీ ప్రిన్స్ చేసిన పాటలున్నాయని నాకు పెళ్ళయ్యాక తెలిసింది!

తెర కింద మనవాడి ముఖం ఉంటుంది. దెబ్బలు తగిలేకొద్దీ అది నెత్తురోడుతుంది. "వాడికి ముక్కులోంచి రక్తం కారుతోందే, కాసేపు ఆపవే" అనేది నానమ్మ. పిల్లలు ఈ ఆటలాడితే మనసు బండబారుతుందా అని నన్నడిగే తల్లులకి నేనీ మాటే చెబుతాను. 1999లో అమెరికాలో కొలంబైన్ స్కూల్లో కాల్పులు జరిపిన ఇద్దరూ డూమ్ ఆడేవాళ్ళని తెలిశాక పెద్ద చర్చ నడిచింది. 2011లో అక్కడి సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన కేసులో మాత్రం, ఆటలే హింసకి కారణమని ఆ అధ్యయనాలు రుజువు చేయలేదని తేల్చారు. నా భయం వేరే. మా ఆటకి తొమ్మిది లెవెల్స్ తర్వాత చివర ఉండేది. మా అమ్మాయి ఫోన్‌లో ఆడేదానికి చివరే లేదు.

డూమ్‌ని నలుగురు నాలుగు కంప్యూటర్లలో కలిసి కూడా ఆడొచ్చు. ఒకరినొకరు కాల్చుకునే ఆ పోటీకి డెత్‌మ్యాచ్ అని పేరు పెట్టింది రొమేరోనే. మా ఇంట్లో ఉన్నది ఒక్క కంప్యూటర్, ఆ దారి చూడనే లేదు. తర్వాత చరిత్ర మొత్తం ఆ దారినే నడిచింది. 1996లో క్వేక్, 1998లో హాఫ్‌లైఫ్, ఆ హాఫ్‌లైఫ్ మీదే 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు సొంతంగా కట్టిన కౌంటర్‌స్ట్రైక్. మరుసటేడు వాల్వ్ కంపెనీ దాన్ని తనదిగా విడుదల చేసింది. ఆట ఇంట్లోంచి ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్ళిపోయింది, అన్నయ్యా దానితోపాటే వెళ్ళాడు. ఒకసారి వాడి వెంట నేనూ వెళితే, "మెయిల్ చూసుకోడానికైతే ఆ మూల కంప్యూటర్ ఖాళీగా ఉందమ్మా" అన్నాడు అక్కడి మనిషి. మర్యాదగానే అన్నాడు. లోపల గుమ్మం పక్కన పది జతల మగపిల్లల చెప్పులు. అమ్మ మళ్ళీ పంపలేదు. వుల్ఫెన్‌స్టీన్‌లో ప్రతి గోడనీ నొక్కి రహస్య గదులు వెతికిన నాకు ఆ గది మాత్రం తెరుచుకోలేదు.

అన్నయ్య 2001లో డాలస్ వెళ్ళాడు. అక్కడికి దగ్గర్లోని మెస్కీట్ అనే ఊళ్ళోనే డూమ్ తయారైందని ఫోన్‌లో చెప్పాడు. నేను ఆడిన ఆట ఊరికి వాడు వెళ్ళాడు, నేను హైదరాబాద్ కాపురానికి వచ్చాను. పండగలకి ఫోన్లు, ఆస్తి కాగితాల మాటలు. క్రమంగా మాట్లాడుకోడానికి ఆ కాగితాలే మిగిలాయి.

1997 చివర్లో కార్మాక్ డూమ్ ప్రోగ్రామ్ మొత్తాన్ని అందరికీ ఇచ్చేశాడు. అందుకే అది ఈనాటి కంప్యూటర్లలోనూ నడుస్తుంది. 2020 లాక్‌డౌన్‌లో మా మేనల్లుడు రెండిళ్ళ కంప్యూటర్లనీ కలిపాడు. మాకు ఆదివారం రాత్రి, వాళ్ళకి ఆదివారం ఉదయం. ఒకరినొకరు కాల్చుకోవద్దు, కలిసి ఆడదాం అనుకున్నాం. మొదటి లెవెల్‌లో రహస్య దారి గుండా ఆరుబయటికి వెళితే నీలి కవచం ఒకటుంటుంది. ఒక్కటే. "నీకు గుర్తుండదులే, నా వెనకే రా" అన్నాడు అన్నయ్య. వాడు దారి వెతుక్కుంటూ వచ్చేసరికి దాన్ని నేను తొడుక్కుని నిలబడి ఉన్నాను.