ఇంటిపేరులో ఊరు

కొల్లేరు సరస్సు ఊరైన కొల్లేటికోట పేరులో కోటకన్నా దాని ముందున్న ‘టి’ గట్టిది. కొల్లేరుకోట అని ఎవరూ అనరు. ఏరు అయితే ఏటి ఒడ్డు, నోరు అయితే నోటి మాట, చేయి అయితే చేతి రాత, ఊరు అయితే ఊరి చివర, ఇల్లు అయితే ఇంటి చూరు. ఈ ఇ, టి, తి ముక్కలను చిన్నయసూరి బాలవ్యాకరణం ఔపవిభక్తికాలంది. మాట వింటేనే పిల్లలు బడి ఎగ్గొట్టేంత బరువు. చేసే పని మాత్రం చిన్నది: ఒక మాటను దాని పక్కమాటకు అప్పజెప్పడం.

కొల్లేటికోట అమ్మవారు పెద్దింట్లమ్మ. ఆ పేరులోది ‘ఇంట్లో’ అన్నప్పటి ఇంట్ల అనుకున్నా, ఇండ్ల అనే బహువచనం అనుకున్నా, లోపలున్నది ఇల్లే. తమిళులకు ఇల్ అంటే ఇల్లు, ఇల్లాళ్ అంటే ఇల్లాలు. అన్నదమ్ముల భాషలు పంచుకున్న పాత ఆస్తి ఇది. తెలుగులో ఇల్లంటే నాలుగు గోడలని మాత్రమే కాదు. పెళ్ళయితే ‘ఒక ఇంటివాడయ్యాడు’ అంటాం, అద్దెకొంపలో ఉన్నా సరే. ఇంటిపేరులోని ఇల్లు కూడా ఈ రెండో రకమే. పెంకులు మార్చినా, మొత్తం పడగొట్టి మేడ కట్టినా, అమ్ముకుని వెళ్ళిపోయినా ఆ పేరు మారదు.

ఇంటిపేర్లలో పనుల పేర్లున్నాయి, వస్తువుల పేర్లున్నాయి, ఎవరో వెక్కిరించి పెట్టినట్టుండేవీ ఉన్నాయి. కానీ చాలావాటిలో ఉన్నది ఊరు. వేటూరి ప్రభాకరశాస్త్రి పుట్టింది పెదకళ్ళేపల్లిలో. ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో. ఎంకి పాటల నండూరి సుబ్బారావు పుట్టింది ఇప్పటి ఏలూరు జిల్లా వసంతవాడలో, వకీలుగా ఉన్నది ఏలూరులో. ముగ్గురి ఇంటిపేర్లూ పుట్టిన ఊరిని చెప్పవు. ఎప్పుడో పూర్వులు విడిచివచ్చిన ఊరిని చెబుతాయి. విడవకపోతే ఆ పేరు వచ్చేదే కాదు. వేటూరులో ఉన్నన్నాళ్ళూ ఊరంతా వేటూరివారే కాబట్టి ఎవరినీ అలా పిలవనక్కర్లేదు. బండి కట్టుకుని పొరుగూరు చేరాక, ‘కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరండీ’ అంటే ‘వేటూరి వారట’ అన్నారు. కొల్లేటి అనే ఇంటిపేరూ అంతే. గట్టుమీద వల ఆరబెట్టుకునే మనిషికి ఆ పేరు పెట్టి ప్రయోజనం లేదు. అది ఏరు దాటినవాడికి అవతలివాళ్ళు పెట్టే పేరు.

అంటే మన మొదటి వలస కాగితం ఇంటిపేరే. రుసుం లేదు, ముద్ర లేదు, ఫోటో లేదు. వదిలేసిన ఊరి పేరుతో, చేర్చుకున్న ఊరు నోటిమాటగా ఇచ్చిన ధ్రువపత్రం.

ఇప్పుడు అదే పేరును కాగితం మీద రుజువు చేసుకోవడానికి డబ్బు కట్టాలి. పాస్‌పోర్టు దరఖాస్తు నింపిపెట్టే కుర్రాడు మొదట అడిగేది, ‘ఇంటిపేరు ఏ గడిలో వెయ్యమంటారండీ?’ అని. పదోతరగతి మార్కుల జాబితాలో అది పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా, ముందు ఉంటుంది. పాన్ కార్డులో వెనక్కి పోతుంది. తండ్రి కాగితాల్లో కొల్లేటికి రెండు ‘ఎల్’లు, కొడుకు కాగితాల్లో ఒకటి. తెలుగులో రాస్తే ఒక్కటే మాట, ఇంగ్లిష్‌లో రాస్తే తండ్రీకొడుకులు కారు. అప్పుడు స్టాంపు పేపరు, నోటరీ, ‘ఫలానావాడూ ఫలానావాడూ ఒక్కడే’ అనే ప్రమాణం. సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే కష్టాలు ఇంకో దారిలో వస్తాయి. అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరునూ సర్‌నేమ్ కింద వేసి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘తెలియదు’ అని అర్థమొచ్చే మూడు పొడి అక్షరాలు అచ్చువేస్తారు. పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్ళకు విజిట్ వీసా ఇవ్వబోమని యూఏఈ 2022 నవంబరులో చెప్పేసింది.

గడి సరిగ్గా నింపినా వ్యాకరణం దెబ్బతింటుంది. కొల్లేటి అనే మాట ముందు నిలబడి తర్వాతి మాటను పట్టుకోవాలి: కొల్లేటి చేప, కొల్లేటి కొంగ, కొల్లేటి సుబ్బారావు. దాన్ని వెనక్కి తోసి ‘సుబ్బారావు కొల్లేటి’ అంటే ఆ ‘టి’ చేయి చాచుకుని ఉండిపోతుంది, పట్టుకోవడానికి ముందు ఏమీ లేదు. డాలస్‌లో డాక్టరు పేరు పిలిచిన ప్రతిసారీ తెలుగు చెవికి వాక్యం సగంలో ఆగినట్టే ఉంటుంది. నాకైతే వీసా రుసుముకన్నా ఇదే ఎక్కువ కష్టం, కట్టేవాళ్ళు ఒప్పుకోరనుకోండి.

మగవాడి కథ ఇంతటితో సరి. కొల్లేటి వారి అమ్మాయి ఏలూరి వారి కోడలైతే ఆమె డిగ్రీ పట్టా కొల్లేటి, రేషన్ కార్డు ఏలూరి, పాస్‌పోర్టు ఏది ముందు తీస్తే అది. ఊళ్ళో ఈ మార్పును ఎవరూ రాసిపెట్టరు. భోజనాల పంక్తిలోనే తెలిసిపోతుంది. అవతలి దేశానికి పంక్తి సాక్ష్యం చాలదు. పెళ్ళి నమోదు పత్రం కావాలి. మన రాష్ట్రంలో నమోదును తప్పనిసరి చేస్తూ 2002లో చట్టం వచ్చింది, అంతకుముందు పెళ్ళిళ్ళకు శుభలేఖ, ఫోటోలు వెతుక్కోవాలి. పేరు మార్చి పాస్‌పోర్టు మళ్ళీ తీస్తే పెద్దవాళ్ళకు 1,500 రూపాయలు. పోలీసు క్లియరెన్స్‌కి 500. కాగితం పరాయి దేశంలో చెల్లేలా వేసే అపోస్టిల్ ముద్రకి విదేశాంగ శాఖ తీసుకునేది కాగితానికి 50 రూపాయలే. మధ్యవర్తి రుసుము, కొరియరు, ఒక రోజు కూలి పోవడం దానికి పైన. కువైట్‌కి ఆ అపోస్టిల్ కూడా సరిపోదు, రాయబార కార్యాలయం ముద్ర వేరే.

‘ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు’ అనే సామెత వీసా అధికారులు విన్నట్టు లేదు. ఇంటిపేరు కలిస్తే ఒకే ఇల్లని నమ్మినా నమ్ముతారు గానీ ఆ ఇంట్లో ఎంతుందో మాత్రం లెక్కగట్టి అడుగుతారు. బ్రిటన్‌లో ఉద్యోగానికి భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ వెళ్తే, 2024 ఫిబ్రవరి నుంచి ఆరోగ్య సర్‌చార్జి పెద్దవాళ్ళకు ఏడాదికి తలకు 1,035 పౌండ్లు, పిల్లలకు 776. మూడేళ్ళ వీసాకు మొత్తం 10,866 పౌండ్లు, వీసా రుసుము కాకుండా, ముందే. చదువుకోవడానికి వెళ్ళేవాళ్ళకైతే లెక్కే అక్కర్లేదు: పరిశోధన కోర్సులవంటివి తప్ప మిగతావాటిలో చేరేవారు కుటుంబాన్ని తెచ్చుకోకూడదని 2024 జనవరి నుంచి తలుపు వేశారు. అమెరికా చదువు వీసాలో భార్యాబిడ్డలకు చోటుంది, కానీ ఒక్కొక్కరి పోషణకు అదనంగా నిధులు చూపాలి.

చూపడం దగ్గర కొల్లేటి గ్రామాలకు సొంత చిక్కొకటి ఉంది. 1999లో 120వ నంబరు జీవోతో అయిదో కాంటూరు అనే ఎత్తు గీత వరకూ కొల్లేరు సరస్సు అభయారణ్యమైంది. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. గీత లోపల జిరాయితీ భూములూ ఉన్నాయి. తాతలనాటి పట్టా చేతిలో ఉన్నా, తాకట్టు మాట ఎత్తగానే కాంటూరు ఎక్కడుందనే ప్రశ్న వస్తుంది. ఇంటిపేరుంది, ఊరుంది, ఊళ్ళో భూమీ ఉంది, బ్యాంకు కాగితం మీద మాత్రం దానికి విలువ కట్టించడం కష్టం. ఇలాంటి లెక్కలు చూపలేని డెల్టావాళ్ళెందరికో ఇంకో దారి ఉంది. ఇంటి నుంచి ఒక్కరే వెళ్ళే దారి, అదీ చాలాసార్లు ఆడమనిషే. కువైట్‌లో ఇంటిపనివాళ్ళకు ఇచ్చేది 20వ అధికరణం కింద వీసా. వెళ్ళొచ్చినవాళ్ళు ‘20 నంబరు’ అంటారు. కుటుంబాన్ని పిలిపించుకునేది 22. ఇరవైలో ఉన్నవాళ్ళకు ఇరవైరెండు రాదు. పరాయి ఇల్లు చూసుకునే మనిషి తన ఇంటిని వెంట తెచ్చుకోవడానికి ఆ వీసాలో చోటు లేదు. పదో తరగతి దాటనివాళ్ళకు మన ప్రభుత్వం ఇచ్చే పాస్‌పోర్టు మీద వలస తనిఖీ కావాలనే ముద్ర, ఇంటిపనికైతే 30 ఏళ్ళు నిండాలనే నియమం, ఏజెంటు 30,000 రూపాయలు, ఆపైన పన్ను మించి తీసుకోకూడదనే నియమం ఉన్నాయి. చివరిది ఊళ్ళో చెబితే నవ్వుతారు.

ఇంటిపేరును అసలు అడగని వలసా ఒకటుంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. ఆ తర్వాత యాభై ఏళ్ళు నేటాల్ చెరకు తోటలకు వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో. ఓడ జాబితాలో పేరుకు, తండ్రి పేరుకు, కులానికి, జిల్లాకు, ఊరికి, ఒంటిమీది పుట్టుమచ్చలకు గడులున్నాయి. ఇంటిపేరుకు లేదు. ఊరు తన గడిలో తానుండిపోయింది, మనిషి పేరుకు ముందు రాలేదు. ఆ లోటును కులబిరుదు పూడ్చింది. అందుకే దక్షిణాఫ్రికాలో వేల కుటుంబాలకు నాయుడు అనేదే సర్‌నేమ్.

పేరు అడగకపోయినా తలలు లెక్కపెట్టడం మానలేదు. 1895 చట్టంతో, ఒప్పందం ముగిశాక తిరిగి కూలికి కుదరకుండా, దేశానికి పోకుండా అక్కడే ఉండేవాళ్ళ మీద తలకు ఏడాదికి మూడు పౌండ్ల పన్ను వేశారు. 1903లో పదహారు దాటిన కొడుకులకూ పదమూడు దాటిన కూతుళ్ళకూ అది పాకింది. ఒప్పందపు తొలి ఏడాది కూలి నెలకు పది షిల్లింగులు. తల్లీ తండ్రీ ఇద్దరు ఎదిగిన పిల్లలూ ఉన్న ఇల్లు కట్టాల్సింది పన్నెండు పౌండ్లు, అంటే ఆ లెక్కన ఒక మనిషి రెండేళ్ళ కూలి. పన్ను కట్టేటప్పుడు ఆ తల్లి ఇల్లాలే. 1913 మార్చిలో జస్టిస్ సియర్ల్ తీర్పుతో క్రైస్తవేతర పద్ధతిలో జరిగిన పెళ్ళిళ్ళు చెల్లకుండా పోయాయి. ఈ పన్నుకూ ఈ తీర్పుకూ ఎదురు తిరిగి ఆ ఏడు జైలుకు వెళ్ళిన సత్యాగ్రహుల్లో ఆడవాళ్ళూ ఉన్నారు. 1914 చట్టం పన్ను తీసేసింది, పెళ్ళిళ్ళను ఒప్పుకుంది. నేటి పెళ్ళి నమోదు పత్రం కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట విసుక్కునేవాళ్ళకు ఈ సంగతి ఊరట కాకపోవచ్చు.

ఇప్పుడు ఊళ్ళల్లో కొత్త ఇంటిపేర్లు మొదలయ్యాయి, పాత సూత్రాన్ని తలకిందులు చేసి. పూర్వం వచ్చినవాడికి చేరిన ఊరు పేరు పెట్టేది, వదిలిన ఊరి పేరుతో. ఇప్పుడు వెళ్ళినవాడికి వదిలిన ఊరే పేరు పెడుతోంది, చేరిన దేశం పేరుతో. ‘కువైట్ వాళ్ళ మేడ’ అంటారు, ‘అమెరికా వాళ్ళ కాలవగట్టు’ అంటారు. వ్యాకరణం కూడా గమనించండి: ఇందులో ఇ లేదు, టి లేదు, తి లేదు. కువైట్‌కి ఔపవిభక్తికం రాదు. ఆ మేడలో తాళం వేసి ఉన్నా, ముసలావిడ ఒక్కతే ఉన్నా, కరెంటు బిల్లు తెచ్చే మనిషికి దారి చెప్పేది ఆ పేరుతోనే; బిల్లు మీద అచ్చయిన ఇంటిపేరు చదివి అడిగితే, ఎవరబ్బా అని రెండు క్షణాలు ఆలోచిస్తారు.