ఐర్లండు పల్లెసీమలలోని ‘పెద్ద ఇండ్లు’

ఐర్లండు పల్లెపట్టులలో ఎత్తయిన రాతిగోడల వెనుక, చెట్లతోపుల నడుమ, ఒకప్పటి భూస్వాముల భవనములు నేటికిని కానవచ్చుచున్నవి. కొన్ని చక్కగా నిలిచియున్నవి. కొన్నింటికి కప్పు లేదు. మరికొన్నింటికి ద్వారస్తంభములు తప్ప ఏమియు మిగులలేదు. ఆ దేశపు జనులు వీనిని ‘పెద్ద ఇండ్లు’ అని వ్యవహరింతురు. మన జమీందారీ గ్రామములలో ‘దివాణము’ అను మాటయందు భయమును గౌరవమును ఎట్లు కలిసియుండెడివో, ఆ మాటయందును అట్లే కలిసియున్నవి. అయితే అక్కడ ఇంకొక ఎడము కూడ ఉండెను. పెద్ద ఇంటివారి మతము సాధారణముగా వేరు, పలుకు వేరు, వారి చేతికి భూమి వచ్చిన దారియు వేరు.

1641లో ఐర్లండు భూమిలో నూటికి సుమారు 60 పాళ్ళు కాథలిక్కుల క్రింద ఉండెను. క్రాంవెల్ దండయాత్ర వలనను, తరువాత మూడవ విలియం రాజు విజయము వలనను భూములు జప్తియై, 1703 నాటికి వారికి 14 పాళ్ళు మాత్రమే మిగిలెను. అంతటితో ఆగక, 1704 నాటి శాసనము కాథలిక్కు భూస్వామి మరణించినచో అతని ఆస్తిని కుమారులందరు సమముగా పంచుకొనవలెననియు, పెద్ద కుమారుడు ప్రొటెస్టెంటు మతము పుచ్చుకొన్నచో సర్వము అతనికే చెందుననియు విధించెను. మన పెద్ద ఇండ్లలో హెచ్చుభాగము ఇట్టి పునాదిమీద లేచినవే.

వీనిలో మొదట చెప్పదగినది కిల్డేర్ మండలమునందలి కాసిల్‌టౌన్ భవనము. దీనిని కట్టించిన విలియం కానలీ ఏ ప్రభువంశమునను పుట్టినవాడు కాడు. పూటకూటి ఇల్లు నడుపుకొను ఒకాయన కుమారుడు. న్యాయవాదియై, జప్తు భూములను కొనుచు అమ్ముచు, దేశములోకెల్ల ధనికుడయ్యెను. ఐర్లండు పార్లమెంటునకు స్పీకరు కూడ అయ్యెను. 1722లో పని ఆరంభించి, ఇటలీ దేశపు శిల్పి గలిలేయి రచించిన ప్రణాళికను ఎడ్వర్డ్ లవెట్ పియర్స్ అను శిల్పిచేత సాగించెను. నడుమ మహాసౌధము; ఇరుప్రక్కల వంపు తిరిగిన స్తంభపంక్తులు; వాని కొసలయందు ఒకవైపు వంటశాల, ఒకవైపు గుఱ్ఱపుశాల. ఈ పొందిక దేశమంతటికిని ఒరవడి అయ్యెను. కానలీ 1729లో మరణించెను. 1740లో ఘోరమైన మంచు కురిసి పంటలు పాడైనపుడు, అతని భార్య కాథరీన్ కరవుపని క్రింద 140 అడుగుల ఎత్తుగల శిలాస్తంభమును కట్టించెను. ఆ కట్టడమువలన ప్రయోజనమేమియు లేదు. కాని దానివలన ఎందరికో ఆ యేటి కూడు దొరికినది.

ఈ భవనములలోని జీవనము కట్టడము తీరులోనే తెలియుచుండును. రాస్‌కామన్ మండలమునందలి స్ట్రోక్స్‌టౌన్ భవనములో వంటశాలపై ఒక వసారా కలదు. ఇంటి యజమానురాలు క్రిందికి దిగకయే, అక్కడ నిలిచి వంటవారి పనిని కనిపెట్టుచుండెడిది. సేవకులు వచ్చుచు పోవుచు దొరల కంట పడకుండుటకై నేల క్రింద సొరంగమును త్రవ్వించిరి.

అయినను ఈ ఇండ్లలోని వారందరును ఒకే పక్షము వారని తలంచుట పొరపాటు. 1798 తిరుగుబాటు నాయకులలో ఒకడైన లార్డ్ ఎడ్వర్డ్ ఫిట్స్‌జెరాల్డ్, కాసిల్‌టౌన్ ఇల్లాలు లేడీ లూయీసా కానలీకి స్వయముగా అక్క కొడుకు. గాయపడి డబ్లిన్ చెరసాలలో కొనప్రాణముతోనున్న అతనిని చూచుటకు ఆమె ప్రభుత్వపు అనుమతి సంపాదించి వెళ్ళెను. ఆ వెంటనే అతడు మరణించెను. తిరుగుబాటు అణగిన పిదప, 1801 నుండి ఐర్లండు పార్లమెంటు రద్దయి దేశము ఇంగ్లండుతో కలుపబడినది. ప్రభువులనేకులు లండనుకు తరలిపోయిరి. ఇల్లు గుమాస్తాల పాలు, రైతు శిస్తు వసూలుదారుల పాలు అయ్యెను.

1845లో ఉర్లగడ్డ పైరునకు తెగులు తగిలినది. పేదవానికి అదియే అన్నము. అయిదారేండ్లలో సుమారు పది లక్షలమంది ఆకలికిని రోగములకును బలియైరి. మరి పది లక్షలమంది దేశము విడిచిరి. ఈ కరవే పెద్ద ఇండ్లకు నిజమైన పరీక్ష. మేయో మండలమునందలి మూర్ హాల్ యజమాని జార్జి హెన్రీ మూర్ 1846లో తన గుఱ్ఱము చెస్టర్ పందెమున గెలువగా వచ్చిన సొమ్ముతో కౌలుదారులకు ఆహారము సమకూర్చెను. స్ట్రోక్స్‌టౌన్ యజమాని మేజర్ మాహన్ మాత్రము 1847లో వెయ్యిమందికి పైగా కౌలుదారులను ఓడలెక్కించి కెనడాకు పంపెను. ఓడలలోనే అనేకులు చచ్చిరి. ఆ నవంబరులో అతడు తుపాకి దెబ్బకు కూలెను. ఆ సంవత్సరమే కూల్ పార్క్ భవనపు వారసుడు విలియం గ్రెగరీ పార్లమెంటులో ఒక నిబంధనను చేర్పించెను. పావు ఎకరమునకు మించి భూమి చేతనున్నవానికి ప్రభుత్వ సహాయము లేదని దాని సారము. ఆకలికి తాళలేక వేలకొలది రైతులు భూమిని వదలుకొనిరి.

ఆ గాయము మానలేదు. 1879లో మైకేల్ డావిట్, పార్నెల్ ప్రభృతులు భూమిసంఘమును స్థాపించిరి. పార్నెల్ కూడ ఒక పెద్ద ఇంటి బిడ్డయే యగుట గమనింపదగినది. 1880లో మేయో మండలమున లార్డ్ ఎర్న్ ప్రభువు ఏజెంటును ఊరివారందరు వెలివేసిరి. పని చేయువాడు లేడు. సరుకు అమ్మువాడు లేడు. సుమారు 500 పౌనుల విలువచేయు పంటను కోయించుటకు, సైన్యపు కాపుదలతో కలిపి, పదివేల పౌనులు ఖర్చయ్యెనని చెప్పుదురు. ఆ ఏజెంటు పేరు కెప్టెన్ బాయికాట్. 1905 నాటి స్వదేశీ ఉద్యమము నుండి మన పల్లెలలో సయితము వినవచ్చిన ‘బాయికాటు’ అను మాట ఆ మనుష్యుని ఇంటిపేరే!

తుదకు 1903లో విండ్‌హామ్ శాసనము వచ్చెను. ప్రభుత్వము అప్పిచ్చి భూమిని రైతుచేత కొనిపించెను. రైతు ఆ అప్పును అరువది ఎనిమిదిన్నర యేండ్లలో తీర్చవలెను. భూమి రైతునకు చేరినది. భవనము మాత్రము ప్రభువునకు మిగిలెను. శిస్తు లేని ఇల్లు నూతికి దూరమైన తోటవలె ఎండనారంభించెను.

మన తెలుగువాడును, తరువాత రాష్ట్రపతియునైన వి. వి. గిరిగారు 1913 నుండి 1916 వరకు డబ్లిన్‌లో న్యాయశాస్త్రము చదివిన రోజులలోనే ఆ దేశపు స్వాతంత్ర్యసమరము రగుల్కొనినది. 1920, 1923 సంవత్సరముల మధ్య సుమారు 275 పెద్ద ఇండ్లు అగ్నికి ఆహుతియయ్యెను. అండమానులలో 1872లో హత్యకు గురియైన మన గవర్నరు జనరలు లార్డ్ మేయో కుమారుడు క్రొత్త రాజ్యపు సెనేటు సభ్యుడయ్యెను. ఆ కారణముననే 1923 జనవరిలో అతని పామర్స్‌టౌన్ భవనమును కాల్చిరి. మరికొలది దినములకే, ఫిబ్రవరి 1వ తేదీన, కరవునాడు అన్నము పెట్టిన మూర్ హాల్ గ్రంథాలయముతో సహా బూడిదయైనది. ఆ వంశములో ఒకడు 1798లో విప్లవకారులు నెలకొల్పిన కానట్ రాజ్యమునకు అధ్యక్షుడు కూడ. నిప్పు అవన్నియు అడుగలేదు.

నిప్పు చేయని పనిని పన్ను చేసినది. కప్పు లేని ఇంటికి పన్ను లేదని కొందరు యజమానులు తామే కప్పులు విప్పించిరి. కూల్ పార్క్ కథ మరింత శోచనీయము. దానిని 1768లో కొన్న రాబర్ట్ గ్రెగరీ మన దేశమున ఈస్టిండియా కంపెనీలో ఆర్జించినవాడు. పావు ఎకరపు నిబంధన పుట్టించినదియు ఈ వంశమే. కాని ఆ విలియం గ్రెగరీ రెండవ భార్య లేడీ గ్రెగరీ ఆ ఇంటిని ఐరిష్ సాహిత్యమునకు పుట్టినిల్లుగా చేసెను. కవి యేట్స్ అక్కడ ఎన్నో వేసవులు గడపెను. ఆయనతో కూడి ఆమె నడిపిన ఆబీ నాటకశాలలోనే 1913లో రవీంద్రుని ‘డాక్‌ఘర్’ ఆంగ్లమున ప్రదర్శింపబడినది. 1932లో ఆమె మరణించెను. 1941లో భవనమును పడగొట్టిరి. రచయితలు తమ పేళ్ళ తొలి అక్షరములు చెక్కిన చెట్టొకటి తోటలో మిగిలియున్నది.

1958లో ఐరిష్ జార్జియన్ సంఘము ఏర్పడి ఈ భవనముల రక్షణకు పూనుకొనెను. కాసిల్‌టౌన్ 1967లో కూలిపోకుండ కొనబడి, 1994లో ప్రభుత్వమునకు చేరినది. స్ట్రోక్స్‌టౌన్‌ను 1979లో ఆ ఊరి మోటారు వ్యాపారి ఒకరు కొనగా, లోపల కరవునాటి లెక్కలును, కౌలుదారుల అర్జీలును బయటపడినవి. 1994 నుండి అక్కడ కరవు ప్రదర్శనశాల వెలసినది.

మనకును ఇది అన్యదేశపు ముచ్చట మాత్రమే కాదు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో మన జమీందారుల దివాణములకును ఈ ప్రశ్నయే ఎదురైనది: ఇవి ఎవరివి? కట్టించిన వానివా, రాళ్ళు మోసిన వానివా? ఐర్లండు వారికి ఈ సమాధానము దొరకుటకు చాలకాలము పట్టెను. గోడలనుండి గాజుదీపములను మాత్రమే నిలిపి, చిఱుగు కాగితములపై వ్రాసిన అర్జీలను పారవేసినచో చరిత్రలో సగమే మిగులును. స్ట్రోక్స్‌టౌన్‌లో ఆ రెండును ఒకే కప్పు క్రింద నున్నవి. అందుకే ఆ ఇల్లు చూడదగినది.