మట్టాంచేరి వసారా

లేపాక్షికి పోయినవారిలో వ్రేలాడు స్తంభము క్రింద ఉత్తరీయపు కొన దూర్చి చూడనివారుండరు. మా తనకల్లు పిల్లలను తోడుకొని పోయిన ప్రతి పర్యాయమును నేనును ఆ పనియే చేయించితిని. విరుపణ్ణ తన కన్నులు తానే పెరికి గోడకు విసరిన కథ చెప్పి, ఎర్రని మరకలు చూపి, బసవన్న యొద్దకు తీసికొని పోయితిని. 1947లో మదరాసు దేవాలయప్రవేశ చట్టము వచ్చువరకు మన ప్రాంతపు గుళ్లలో ధ్వజస్తంభము దాటి అడుగిడజాలని వారెవరో మాత్రము చెప్పలేదు. ఈ లోపము నాకు స్వస్థలమున తోచలేదు; కొచ్చిలో, అన్యమతస్థుల ప్రార్థనాలయమున తోచినది.

మట్టాంచేరిలో రాజుగారి కోటను, వారి కోవెలను ఆనుకొని పరదేశి యూదుల సమాజమందిరమున్నది. అది 1568లో కట్టబడినది. 1662లో పోర్చుగీసువారు పాడుచేయగా, డచ్చివారు వచ్చిన పిదప మరల నిలిచినది. పాదరక్షలు వెలుపల విడిచి లోనికి పోవలెను. లోన మొదట కంటికి కనబడునది నేల: 18వ శతాబ్దిలో చీనాదేశమునుండి తెప్పించిన నీలిచిత్రముల పలకలు వేయికి పైగా పరచియున్నవి. ఒకదానినిబోలిన మరియొకటి లేదందురు. పైన గాజుదీపములు వ్రేలాడుచుండును. వెలుపల 1760 ప్రాంతమున ఎజెకీలు రహాబి యను వర్తకుడు కట్టించిన గడియారపు గోపురము. వేయేండ్లనాడు భాస్కర రవివర్మ యను చేరరాజు జోసెఫ్ రబ్బాను అను యూదు ప్రముఖునకు పల్లకి, గొడుగు మొదలగు 72 మర్యాదలొసగిన రాగిరేకుల కథయు చూపరులకు వినిపింపబడుచుండును. ప్రపంచమందెల్ల తరుమబడిన జాతికి మన రాజులు చోటిచ్చిరని విన్నప్పుడు ఎవని రొమ్ము పొంగదు? నాదియు పొంగినది.

అయితే ఈ నేలమీదికి పోవుటకు ముందు ఒక వసారా కలదు. చూపరులు దానిని దాటుటయే గాని అందు నిలువరు. చరిత్రము తెలిసినవాడు నిలువవలసిన చోటు అదియే. పరదేశి యూదులలో బానిసత్వమునుండి విడిపింపబడినవారి సంతతి యను పేర ఒక వర్గముండెను. హీబ్రూలో వారిని మెషుఖ్రారీములనిరి, విముక్తులని అర్థము. పేరు విముక్తులే గాని, వారు మందిరములోని బల్లలమీద కూర్చుండరాదు; వసారాలో నేలమీదనో, మెట్లమీదనో కూర్చుండవలెను. ధర్మశాస్త్రమును పఠించు గౌరవము ఇతరులతో సమముగా వారికి లేదు. వారితో వియ్యము లేదు; శ్మశానమునందును వేరు చోటు. ఇంతకంటె ప్రాచీనులైన మలబారు యూదులకు వేరు మందిరములుండెను గాని, పరదేశులు వారితోడను వియ్యమందరైరి.

ఇది వారి శాస్త్రమా? కాదు. 16వ శతాబ్దిలోనే ఈ వివాదము సముద్రము దాటి కైరోనగరమున కేగినది. అచ్చటి మహాపండితుడు దావీదు ఇబ్న్ జిమ్రా, విధిప్రకారము మతసంస్కారము పొందినవారు పూర్ణముగా యూదులేయనియు, వారితో వివాహము చెల్లుననియు తీర్పు వ్రాసి పంపెను. తీర్పు వచ్చినది; ఆచారము కదలలేదు. వీరేశలింగము పంతులుగారు శాస్త్రప్రమాణములు చూపిన పిదపను 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమునకు ఎంత కలహము జరిగెనో ఎరిగిన మనకు ఇది క్రొత్త సంగతి గాదు. శాస్త్రము తమ వైపున నున్నంతవరకే పూర్వాచారపరులు శాస్త్రము నడుగుదురు.

ఆ వసారాలో కూర్చున్న వర్గమున 1882లో జన్మించిన అబ్రహాము బరాకు సాలెము న్యాయవాదియై, కొచ్చి శాసనసభలో సభ్యుడై, 1929లో లాహోరు కాంగ్రెసునకు పోయి వచ్చెను. పొరుగున తిరువాన్కూరులో వైకము సత్యాగ్రహము 1924లో మొదలైనది. ఆ మార్గమునే సాలెము తన దేవుని గుడిలో పట్టెను. లోకులు ఆయనను యూదుల గాంధి యనిరి. క్రమముగా బల్లలు దొరికినవి. వివాహపు గోడ అంతకాలమును నిలిచెను: 1950లో ఆయన కుమారుడొకడు పరదేశివర్గపు కన్యను వరించినప్పుడు పెండ్లి బొంబాయిలో జరుపుకొనవలసి వచ్చెను. 1948 తరువాత కొచ్చి యూదులలో అత్యధికులు ఇస్రాయేలునకు తరలిపోయిరి. తలుపు పూర్తిగా తెరచునప్పటికి ఇల్లు ఖాళీ యయ్యెను. నేడు ప్రార్థనకు కావలసిన పదుగురు పురుషులు అచ్చట కూడుట దుర్లభము, చూపరులకు కొదవలేదు. పరవూరు, చేందమంగలముల మందిరములు ప్రభుత్వపు ప్రదర్శనశాలలైనవి.

ఇంటివారు పోయిన ఇంటిని చూపుట సులభము. ఇంటివారున్నచోట? గుంటూరు జిల్లా చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెమున కొన్ని కుటుంబములవారు బెనె ఎఫ్రాయిములు, అనగా తప్పిపోయిన పది గోత్రములలో ఎఫ్రాయిము సంతతి, అని చెప్పుకొనుచు 1991లో సమాజమందిరము కట్టుకొనిరి. వీరు మాదిగలు, అంతకు మున్ను బాప్టిస్టు క్రైస్తవులు. విదేశీయులు, పరిశోధకులు వచ్చి వీరిని చూచిపోవుచుందురు. 2013లో యెగొరోవా, పెర్వేజు అను పండితులు వీరిని గూర్చి ఒక గ్రంథమే ప్రకటించిరి. మట్టాంచేరిలో చూపరి పలకలను చూచును. ఇచ్చట మనుష్యులను పరీక్షించును. మీరు నిజముగా యూదులేనా, ఆధారమేది, ఇస్రాయేలుపోవుటకా ఈ వేషము, అని ప్రశ్నలు.

ఆ వంశకథ చరిత్రముగా నిలుచునని నాకు తోచదు. కాని మన కులపురాణములలో నిలుచునవి ఎన్ని? అగ్నికుండమునుండి పుట్టితిమనువారి నెవడును రుజువడుగడు. మాదిగలకు తమ జాంబవపురాణమున్నది. అందును తాము ఆదిమునుండి గొప్పవారమేయని వారు చెప్పుకొనిరి. ఊరు వినలేదు. హీబ్రూ నేర్చి మరియొక భాషలో అదియే చెప్పినప్పుడు మాత్రము దేశదేశములనుండి విన వచ్చుచున్నారు. ఈ మారు పిల్లలను లేపాక్షికి తీసికొని పోవుదును. గుడ్డ దూర్చుట ముగిసిన పిమ్మట ధ్వజస్తంభము వెలుపల వారిని కొంతసేపు నిలుపవలెనని యున్నది.