ముఖచిత్రాలు

మా ఇంట్లో ఒక బీరువా నిండా పాత నేరకథల పుస్తకాలు ఉన్నాయి. చాలా వరకు ఫ్రెంచివి. బడిపంతులుకు ఇదేమి పిచ్చి అని నవ్వే బంధువులు లేకపోలేదు. నేను వాటిని కూడబెట్టింది కథల కోసం కంటె అట్టల కోసమే. ఆ అట్టల చరిత్ర కొంత మన పాఠకులకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. తెలుగు నేను సాయంకాలపు తరగతుల్లో నేర్చుకున్నవాణ్ణి. భాషలో లోపాలుంటే పెద్దలు మన్నించగలరు.

1911 ఫిబ్రవరిలో ప్యారిస్‌లో ఫయార్ అనే ప్రచురణ సంస్థ 65 సాంతీముల ధరకు ‘ఫాంతోమాస్’ అనే నవల అమ్మకానికి పెట్టింది. రచయితలు ఇద్దరు: పియేర్ సువెస్త్ర్, మార్సెల్ అలాఁ. నెలకొక సంపుటం చొప్పున 1913 దాకా 32 సంపుటాలు వచ్చాయి. అంత తొందరలో రాసిన కథలో అతుకులు కనబడకుండా ఎలా ఉంటాయి? అయినా జనం ఎగబడి కొన్నారు. అందులో సగం పుణ్యం జీనో స్టరాస్ వేసిన రంగుల అట్టలదే అని నా అభిప్రాయం. మొదటి సంపుటం అట్ట చూడండి. విందుకు బయలుదేరిన దొరలాగ నల్లని కోటు, పొడుగాటి టోపీ, కళ్ళకు ముసుగు, చేతిలో నెత్తురంటిన బాకు. ప్యారిస్ నగరం మీదనే కాలు మోపేటంత ఆకారం! 1913లో ఫెయ్యాద్ దీన్ని సినిమాగా తీసినప్పుడు పోస్టరుకు ఇదే బొమ్మ వాడారు, బాకు మాత్రం తీసివేశారు. 1943లో బెల్జియం చిత్రకారుడు రెనె మాగ్రిట్ అదే మనిషిని మళ్ళీ చిత్రించి, బాకు పట్టిన చేతిలో గులాబీ పువ్వు పెట్టాడు. 1911 నాటి ప్రతి నా దగ్గర లేదు. అది పంతులు జీతానికి అందే వస్తువు కాదు. నాకున్నది తరవాతి ముద్రణ.

1927లో ఆల్బేర్ పిగాస్ ‘ల మాస్క్’ అనే వరుస ప్రారంభించాడు. పసుపుపచ్చ అట్ట, దాని మీద ఒక ముసుగు, ఒక కలం గుర్తు. అందులో మొదటి పుస్తకం అగాథా క్రిస్టీ రాసిన రోజర్ ఆక్రాయిడ్ హత్య కథ. యుద్ధం ముగిసిన 1945లో గాలిమార్ వారికి మార్సెల్ దుహామెల్ ‘సెరీ న్వార్’ మొదలుపెట్టాడు. అట్ట మీద బొమ్మే లేదు. నలుపు, పసుపు అంతే. ఇంగ్లీషు నవలలను పేజీల లెక్కకు సరిపోయేటట్టు కత్తిరించి అనువదించేవారు. అది నాకు నచ్చదు గాని, ఆ అట్టను దూరం నుంచే గుర్తుపట్టవచ్చు. అట్ట మీది కాగితపు తొడుగును జనం చింపి పారేసేవారు. ఇప్పుడు సేకరించేవాళ్ళు డబ్బు పోసేది ఆ కాగితానికే.

మన మారిషస్‌ను 1810లో ఇంగ్లీషువాళ్ళు గెలుచుకున్నా చదువరుల ఇళ్ళలో ఫ్రెంచి పోలేదు. అందుచేత ఈ పుస్తకాలు ఇక్కడికీ వచ్చాయి, చేతులు మారాయి. మా నాన్నగారు చక్కెర మిల్లులో గుమాస్తా. పోర్ట్ లూయీ వెళ్ళినప్పుడల్లా రెండు మూడు పాతవి తెచ్చేవారు. మా మామ్మ చదువుకోలేదు. ఫాంతోమాస్ బాకు చూసి ఆమె బెదిరేది కాదు. కాని ఒక అట్ట మీద పోలీసువాడు లాంతరు ఎత్తి, ఒక మనిషి ముఖంలోకి చూస్తూ ఉండేవాడు. ఆ పుస్తకం ఎక్కడ కనబడినా బోర్లా తిప్పేసేది. “పోలీసు బొమ్మ ఇంట్లో ఎందుకురా?” అనేది. ముసలివాళ్ళ చాదస్తం అనుకున్నాను.

పంతులునయ్యాక పిల్లలకు 1867 నాటి చట్టం చెప్పవలసి వచ్చింది. ఒప్పందం పూర్తి చేసుకున్న పాత కూలీలు ఫొటో అతికించిన చీటీ వెంట ఉంచుకోవాలి. చూపించలేకపోతే దేశదిమ్మరి అని పోలీసులు పట్టుకుపోవచ్చు. ఈ బాధలపై 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ సాయంతో తొమ్మిది వేల మందికి పైగా అర్జీ పెట్టుకున్నారు. దాని ఫలితంగా 1872లో రాయల్ కమిషన్ వచ్చింది. మామ్మకు తాత అయిన ఆయన ఆ చీటీవాళ్ళలో ఒకడు. పొలం గట్టు దాటినా చీటీ తీసి చూపించేవాడని మామ్మ చెప్పేది. ఆ మాటా, ఆ బోర్లా తిప్పిన పుస్తకమూ ఒకటేనని నాకు అంతదాకా తట్టలేదు.

మోకాలో మహాత్మాగాంధీ సంస్థ భద్రపరచిన వలస కాగితాల్లో ఆయన ఫొటో చూశాను. నంబరు ఉంది. ఊరి పేరు ఉంది గాని, రాసిన గుమాస్తాకు తెలుగు రాదు గనక అది ఏ ఊరో నేటికీ తేల్చుకోలేకపోయాను. చొక్కా లేని మనిషి, కెమెరా వైపు తిన్నగా చూస్తున్నాడు. ప్యారిస్‌లో బెర్తియోఁ దొంగలనూ హంతకులనూ కొలతలు తీసి, ఫొటోలు తీసి వరుసగా పెట్టింది 1880లలో. ఏ నేరమూ చేయని మనవాళ్ళకు ఇక్కడ అంతకు ముందే ఆ పని జరిగింది. ఫాంతోమాస్ సంపుటానికో వేషం వేస్తాడు, ఇన్స్పెక్టర్ జూవ్‌కు చిక్కడు. మామ్మ తాతకున్నది ఒకటే ముఖం. దాన్ని కాగితం మీద జేబులో మోసుకు తిరగాలి.

పుస్తకం పై బొమ్మను తెలుగులో ముఖచిత్రం అంటారని తరగతిలో మా మాస్టారు చెప్పినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది పుస్తకం కాదు, ఆ ఫొటో.

1994 ఫిబ్రవరిలో హొలాండా తుపానుకు మా కప్పు రేకులు లేచిపోయాయి. నాన్నగారి పెట్టెలోకి నీళ్ళు దిగి తొడుగులన్నీ ఒక ముద్దయ్యాయి. లాంతరు పట్టిన పోలీసు అట్ట కూడా అందులోనే పోయింది. దాని పేరు నాకు జ్ఞాపకం లేదు. పేరు ఎప్పుడూ చూడలేదు, బొమ్మే చూశాను. వెన్ను పసుపుపచ్చ. లాంతరు పోలీసువాడి ఎడమ చేతిలో ఉంటుంది, ఎదుటి మనిషి కళ్ళకు చేయి అడ్డం పెట్టుకుని ఉంటాడు. మీ ఇళ్ళలో పాత పెట్టెలు దులిపేటప్పుడు అది ఎవరికైనా కనబడితే, చిరిగినదైనా సరే, నాకు కబురు చేయగలరు.