ఆట - కులం (6): ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఏ కాందిశీకుడు గెలిచినట్టు?

2020 జనవరి 19. కోల్‌కతా సాల్ట్ లేక్ స్టేడియం. ఐ-లీగ్ టైటిల్ రేసులో మోహన్ బగాన్ ముందుంది, మా ఈస్ట్ బెంగాల్ వెనకబడి ఉంది. ఆ రోజు డెర్బీలో 2-1తో ఓడిపోయాం. మార్చి 10న ఐజ్వాల్‌ని ఓడించి, ఇంకా నాలుగు రౌండ్లు మిగిలుండగానే బగాన్ ఛాంపియన్ అయిపోయింది. "మా" అంటున్నాను, ఎందుకంటే నేను ఈస్ట్ బెంగాల్ అభిమానిని. తెలుగోళ్లకు కోల్‌కతా క్లబ్బుతో ఏం పని అని అడిగే మిత్రులు కొంచెం ఓపిక పట్టండి.

టైటిల్ రేసు నడుస్తున్నన్నాళ్లూ అభిమానికి రెండు లెక్కలుంటాయి. మన పాయింట్లు ఎన్ని పెరిగాయి అన్నది ఒకటి. వాళ్ల పాయింట్లు ఎక్కడ పోతాయి అన్నది రెండోది. నిజం చెప్పాలంటే రెండో లెక్కే తీపి. మనకు కప్పు రాకపోయినా సరే, వాళ్లకీ రాకపోతే ఆ ఏడాది సగం గెలిచినట్టే. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలీష్ చేప, అంటే మన గోదావరి పులస. బగాన్ గెలిస్తే రొయ్య. గెలుపును వంటింట్లో దాకా తీసుకెళ్లే వైరం ఇది.

అయితే ఆ మ్యాచ్‌లో జనానికి గుర్తుండిపోయింది స్కోరు కాదు. మా గ్యాలరీలో లేచిన పెద్ద బ్యానర్. దేశమంతా ఎన్నార్సీ, సీఏఏల మీద రోడ్లెక్కిన రోజులవి. ఈ నేలను నెత్తురిచ్చి కొన్నాం, కాగితాలిచ్చి కాదు అని దాని సారాంశం. విద్యార్థి సంఘాలన్నీ ఆ ఫొటోను పంచుకున్నాయి. గర్వపడాల్సిన బ్యానరే, నాకు ఇప్పటికీ గర్వమే. కానీ నెత్తురు ఎవరిది, నేల ఎవరికి దక్కింది అన్న ప్రశ్న ఒకటుంది. దాన్ని మనమే అడగాలి.

ముందు వైరం ఎలా పుట్టిందో చూద్దాం. 1920లో మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కి జోరాబగాన్ క్లబ్బు శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ని పక్కన పెట్టింది. ఆయన తూర్పు బెంగాల్ వాడు. అదే ప్రాంతం వాడైన క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి అవమానంగా భావించి బయటికొచ్చేశాడు. ఆగస్టు 1న ఈస్ట్ బెంగాల్ పుట్టింది. కలకత్తా లీగ్ మొదటి డివిజన్‌లో అప్పట్లో భారతీయ జట్లు రెండే ఉండాలని పరిమితి. దాన్ని దాటుకుని వచ్చి, 1925 మే 28న తొలి లీగ్ డెర్బీలో బగాన్‌ని 1-0తో ఓడించింది. పశ్చిమ బెంగాల్ వాళ్లు "ఘోటీ", తూర్పు వాళ్లు "బంగాల్". బంగాల్ అన్న మాటను నగరం వాళ్లు మొరటోడు అన్న అర్థంలో వాడేవాళ్లు. ఆ మాట పడ్డవాళ్లు దాన్నే జెండా చేసుకున్నారు. తిట్టును జెండా చేసుకోవడం ఏంటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. నన్ను ఈ క్లబ్బు వైపు లాగింది అదే.

ఇక పేర్లు చదువుదాం. ఇంటిపేర్లు చదివే అలవాటు ఈ దేశం మనకు అంటగట్టిందే కదా. 1911 జులై 29న ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచిన బగాన్ పదకొండు మందిలో పదిమంది ఉత్తకాళ్లతో ఆడారు. తెల్లోళ్ల బూట్ల మీద ఉత్తకాళ్ల గెలుపు అని పాఠ్యపుస్తకాల కీర్తి. ఆ ఉత్తకాళ్లు ఎవరివి? భాదురీ, ముఖర్జీ, భట్టాచార్య, ఘోష్, సేన్‌గుప్తా. సరిగ్గా అదే 1911లో, జనాభా లెక్కల్లో తమను "చండాలులు" అని రాయకుండా "నామశూద్రులు" అని రాయించుకోవడానికి తూర్పు బెంగాల్ అంటరాని జనం చేసిన పోరాటం గెలిచింది. ఒకే ఏడాది, రెండు గెలుపులు. ఒకదానికి విగ్రహాలున్నాయి. ఒకటి పరిశోధన విద్యార్థులకు తప్ప ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన ఈస్ట్ బెంగాల్‌ని పెట్టినవాళ్లూ బోసులూ చౌధురీలే. బంగాల్ అవమానం నిజమే, కానీ అది భద్రలోకంలో పక్కింటోడు చేసిన అవమానం. ఘోటీ-బంగాల్ తగాదా అన్నదమ్ముల వాటాల పేచీ లాంటిది. పెద్దిల్లు ఒక్కటే.

దేశ విభజనతో క్లబ్బుకు కొత్త అర్థం వచ్చింది. ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లకు, పోయిన దేశం పేరు ఒక జెర్సీ మీద మిగిలింది. ఇక్కడ రెండు వరసల కాందిశీకులున్నారు. మొదట వచ్చినవాళ్లలో ఎక్కువమంది చదువు, ఉద్యోగం, కలకత్తాలో చుట్టాలు ఉన్న పైకులాల వాళ్లు. జాదవ్‌పూర్, బిజయ్‌గఢ్ వైపు ఖాళీ జాగాల్లో కాలనీలు కట్టుకుని నిలబడ్డారు. గ్యాలరీలు నింపింది వాళ్లు, వాళ్ల పిల్లలు. పొలం వదల్లేక ఆగిపోయిన నామశూద్ర రైతుకూలీలు 1950 అల్లర్ల తర్వాత, మళ్లీ 1964 అల్లర్ల తర్వాత వచ్చారు. బాబాసాహెబ్‌ని 1946లో బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పంపడంలో ముందు నిలిచిన జోగేంద్రనాథ్ మండల్ కూడా, పాకిస్తాన్ మంత్రి పదవికి రాజీనామా చేసి 1950లో వచ్చేశాడు. ఆ జనానికి కలకత్తాలో జాగా లేదన్నారు. కూపర్స్ క్యాంప్‌లో కొన్నాళ్లు ఉంచి, అండమాన్‌కి కొందరిని, 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద బస్తర్‌కి, కోరాపుట్‌కి ఇంకెందరినో రైళ్లెక్కించారు. వరి, చేప, నది తప్ప ఎరగనివాళ్లకు రాతి నేలలిచ్చారు.

ఇంతలో మైదానంలో ఏమవుతోంది? ఈస్ట్ బెంగాల్ స్వర్ణయుగం. "పంచ పాండవులు" అని ఇప్పటికీ తలుచుకునే ఆ ఫార్వర్డ్ లైన్: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. అయిదుగురిలో ఒక్క బెంగాలీ లేడు! 1961లో లీగ్ గెలిచినప్పుడు కెప్టెన్ తులసీదాస్ బలరాం, మన సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లోడు. మొదట్లో అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇది. దక్షిణాది కాళ్లు బంగాల్ అభిమానాన్ని నిలబెడుతున్న రోజుల్లోనే, అసలు తూర్పు బెంగాల్ మట్టిమనుషులు దక్షిణం వైపు అడవుల్లోకి పోతున్నారు.

1970 నుంచి 1975 దాకా వరుసగా ఆరుసార్లు లీగ్ మాదే. 1975 సెప్టెంబర్ 30న షీల్డ్ ఫైనల్లో బగాన్ మీద 5-0. ఈ తేదీని అభిమానులు పుట్టినరోజులా గుర్తుపెట్టుకుంటారు. ఇంకో తేదీ చెబుతాను: 1979 జనవరి 31. లెఫ్ట్ ఫ్రంట్ వచ్చింది, ఇక మనల్ని సొంత బెంగాల్‌లో ఉండనిస్తారని నమ్మి 1978లో దండకారణ్యం నుంచి వేలమంది బయల్దేరారు. సుందర్‌బన్స్‌లో మరిచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకున్నారు, బడి కట్టుకున్నారు, పడవలు చేసుకున్నారు. జ్యోతిబసు ప్రభుత్వం జనవరి 24న దీవిని దిగ్బంధించింది. తిండీ నీళ్లూ ఆగిపోయాయి. 31న కాల్పులు. మేలో గుడిసెలు తగలబెట్టి మిగిలినవాళ్లను తిరిగి తరిమారు. ప్రభుత్వ లెక్కలో చనిపోయింది వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. బతికి బయటపడ్డవాళ్లు చెప్పేది వందల్లో. వాళ్లు కూడా ఈస్ట్ బెంగాల్ కాందిశీకులే! 1977లో లీగ్ మాది, 78, 79 బగాన్‌ది. నేను విన్నంతలో డెర్బీ కథలు చెప్పే ఏ పెద్దమనిషీ ఆ ఏడాది మరిచ్‌ఝాపి పేరెత్తలేదు.

మరుసటేడు, 1980 ఆగస్టు 16న, ఈడెన్ గార్డెన్స్‌లో లీగ్ డెర్బీ చూడటానికి వచ్చిన 16 మంది గొడవలో, తొక్కిసలాటలో చనిపోయారు. రెండు క్లబ్బులూ ఏటా ఆ రోజు తలుచుకుంటాయి. తలుచుకోవాలి కూడా.

ఇప్పుడు మిగతా సగం జవాబు. దండకారణ్యం మనకు దూరమేం కాదు, మల్కన్‌గిరి దాటితే ఆంధ్ర సరిహద్దే. అంతకన్నా దగ్గర, మన కాగజ్‌నగర్ పక్కన ఈస్‌గాం, నజ్రుల్‌నగర్. 1960ల్లో తెచ్చి దింపిన బెంగాలీ క్యాంపులు అవి. అక్కడివాళ్లలో ఎక్కువమంది నామశూద్రులు. పశ్చిమ బెంగాల్‌లో నామశూద్రులు ఎస్సీ. ఒడిశాలో ఎస్సీ. తెలంగాణ ఎస్సీ జాబితాలో ఆ పేరే లేదు. 1911లో పోరాడి సాధించుకున్న పేరు ఇక్కడి ఆఫీసులో చెల్లదు. నెత్తురిచ్చాం, కాగితం కాదు అన్న బ్యానర్ పట్టుకునే హక్కు ముందుగా ఉన్నవాళ్లు వీళ్లే, వీళ్లు అడుగుతున్నది మాత్రం ఒక్క కాగితం.

ఈ రెండు జట్ల గోలలో మూడో జట్టు ఎప్పుడూ పక్కకు పోతుంది. కలకత్తా లీగ్ గెలిచిన మొదటి భారతీయ జట్టు బగాన్ కాదు, వాళ్లది 1939. ఈస్ట్ బెంగాల్ కూడా కాదు, మాది 1942. అది మొహమ్మదన్ స్పోర్టింగ్, 1934 నుంచి 1938 దాకా వరుసగా అయిదుసార్లు. వచ్చే భాగం ఆ జట్టు మీద. ఈస్‌గాం, నజ్రుల్‌నగర్ వైపు విద్యార్థులు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఇళ్లలో పెద్దలు ఏ జట్టు వైపో కామెంట్‌లో రాయండి.